‘సమాధానపరచువారు’ ఎవరు? మత్తయి 5:9 మీద చర్చ

పోస్టు (విజయనగరం)

మత్తయి సువార్త 5:9 తెలుగు బైబిల్లో ఇలా ఉంది: “సమాధానపరచువారు ధన్యులు, వారు దేవుని కుమారులనబడుదురు.”

చర్చికి వెళ్లని తెలుగువాళ్లకి సమాధానం అంటే జవాబు. “కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి” అని పరీక్ష పేపర్లో చూసే పిల్లలకి ఈ వాక్యం తికమకగానే ఉంటుంది. చర్చిలో మాత్రం “మా ఇంట్లో సమాధానం లేదు, ప్రార్థన చెయ్యండి” అనడం చాలా మామూలు. అక్కడ ఆ మాటకి నెమ్మది అని, తెగిపోయిన మాటలు మళ్లీ కలవడం అని అర్థం.

నేను అడగాలనుకున్నది ఇంకొకటి. యేసు ఇక్కడ శాంతంగా ఉండేవాళ్ల గురించి చెప్పలేదు. గ్రీకు మూలంలో ఉన్నది ‘శాంతిని చేసేవాళ్లు’ అనే మాట. తెలుగులో కూడా ‘సమాధానపరచు’ అన్నది పక్కవాళ్ల చేత చేయించే పనే. తగువు చూసి తలుపేసుకున్నవాడికి ఈ ధన్యత రాదు. ఇద్దరి మధ్యకి వెళ్లి నిలబడాలి. మరి అదే మత్తయి 10:34లో యేసు “ఖడ్గమునేగాని సమాధానమును పంపుటకు నేను రాలేదు” అన్నాడు. ఈ రెండూ ఎలా కలుస్తాయి? ఇస్లాంలో సమాధానపరచడానికి సరిపోయే మాట ఏది? యుద్ధం గురించి రెండు మతాల గ్రంథాల్లో ఏముందో చదివినవాళ్లు రాయండి. టీవీ చర్చల్లో విన్నది వద్దు.

వ్యాఖ్య (బొబ్బిలి)

వందనాలు మాస్టారూ. 10:34 ఒక్కటే తీసి చదివితే భయం వేస్తుంది. కింద వచనం చదవండి. తండ్రికి కొడుకు, తల్లికి కూతురు, అత్తకి కోడలు విరోధమవుతారని ఉంది. అంటే నమ్మకం వల్ల ఇంట్లో వచ్చే చీలిక. లూకా 12:51లో ఇదే మాట చెప్పినప్పుడు ఖడ్గం బదులు ‘భేదము’ అని ఉంది. నిజమైన కత్తి గెత్సేమనే తోటలో వస్తుంది. యేసుని పట్టుకోడానికి మనుషులొస్తే శిష్యుడు కత్తి దూశాడు. అప్పుడాయన “కత్తి పట్టుకొనువారందరు కత్తిచేతనే నశింతురు” అన్నాడు. తన ప్రాణం కోసం కూడా కత్తి వద్దన్నాడు.

తొలి క్రైస్తవుల్లో చాలామంది దీన్ని అక్షరాలా తీసుకున్నారు. ఇప్పటి అల్జీరియా ప్రాంతంలో 295లో మాక్సిమిలియన్ అనే కుర్రాడు తాను క్రైస్తవుణ్ణి గనక సైన్యంలో చేరలేనని చెప్పి తల తీయించుకున్నాడు. తర్వాత రోమా చక్రవర్తులే క్రైస్తవులయ్యారు. రాజ్యాన్ని కాపాడే బాధ్యత వీళ్ల మీదే పడింది. మాక్సిమిలియన్ పుట్టిన ఆ దేశంలోనే బిషప్పుగా ఉన్న అగస్టీను, కొన్ని యుద్ధాలు న్యాయమైనవి కావచ్చు అని రాశాడు. 13వ శతాబ్దంలో తోమా అక్వినాసు దానికి మూడు షరతులు పెట్టాడు. యుద్ధం ప్రకటించేది అధికారం ఉన్నవాడై ఉండాలి, కారణం న్యాయమైనది కావాలి, ఉద్దేశం మంచిదై ఉండాలి. పగ తీర్చుకోడానికి యుద్ధం చేస్తే కారణం ఎంత న్యాయమైనా అది పాపమే.

ఈ షరతులు కూడా ఒప్పుకోని సంఘాలున్నాయి. క్వేకర్లు, మెన్నోనైట్లు ఏ యుద్ధమూ చెయ్యమన్నారు. మెన్నోనైట్ల సంఘాలు మన తెలుగువాళ్లలో పాలమూరు వైపు ఉన్నాయి. మన జిల్లాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టులది అంత కచ్చితమైన పట్టు కాదు. నా వరకు నాకు రోమా 12:18 చాలు: “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి.” ‘శక్యమైతే’ అన్న మాట అందులో ఉండటం చూడండి. ఎదుటివాడు ఒప్పుకోకపోవచ్చని ఆ పత్రిక రాసిన పౌలుకి తెలుసు.

వ్యాఖ్య (శ్రీకాకుళం)

సలాం మాస్టారూ. మీరడిగిన మాటలు మాకు రెండున్నాయి. సుల్హ్ అంటే సంధి. ఇస్లాహ్ అంటే చెడిపోయినదాన్ని బాగుచెయ్యడం, ఇద్దరిని కలపడం. ఖురాన్ 49:9లో విశ్వాసుల్లో రెండు వర్గాలు కొట్టుకుంటే వాళ్ల మధ్య సంధి చేయించండి అని ఆజ్ఞ ఉంది. ఒకడు మాట వినకుండా దౌర్జన్యం చేస్తే వాడు దారికొచ్చేదాకా ఎదిరించండి, వచ్చాక మళ్లీ న్యాయంగా కలపండి అని కూడా ఉంది. కాబట్టి మీరన్న మధ్యకి వెళ్లి నిలబడటం మాకూ ఉంది, కాని అవసరమైతే బలం వాడి ఆపడం అందులో భాగం. ఇక్కడే బొబ్బిలి గారు చెప్పిన గెత్సేమనేకి, మాకు తేడా వస్తుంది. ఆ తేడాని దాచాల్సిన పని లేదు.

పేపర్లలో జిహాద్‌ని ‘పవిత్ర యుద్ధం’ అని రాస్తారు. ఆ మాటకి మూలార్థం గట్టి ప్రయత్నం. యుద్ధం చెయ్యడానికి ఖురాన్లో వేరే మాట ఉంది, ఖితాల్. 25:52లో ఖురాన్‌తోనే పెద్ద జిహాద్ చెయ్యమని ఉంది. అది మక్కాలో దిగిన సూరా (ఖురాన్ అధ్యాయం), అప్పటికి యుద్ధానికి అనుమతే రాలేదు. ఒకాయన ప్రవక్త దగ్గరికొచ్చి జిహాద్‌కి వెళ్తానంటే, మీ అమ్మానాన్నలు బతికున్నారా అని అడిగి, అయితే వాళ్ల సేవలోనే నీ జిహాద్ చెయ్యి అన్నారు. ఇది బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ (ప్రవక్త మాటలు, పనులు రాసిపెట్టిన పుస్తకాలు) ఉంది. జిహాద్‌లో యుద్ధం లేదని నేననను, ఉంది. కాని మీతో యుద్ధం చేసేవాళ్లతోనే చెయ్యండి, హద్దు దాటకండి అని 2:190, ఎదుటివాళ్లు సంధికి మొగ్గితే నువ్వూ మొగ్గు అని 8:61 చెప్తున్నాయి.

వ్యాఖ్య (పలాస)

అందరూ మంచి మంచి వాక్యాలే ఏరుతున్నారు. మరి ఖురాన్ 9:5 ఏటి? ముష్రిక్కులు (బహుదేవతల్ని కొలిచేవాళ్లు) ఎక్కడ కనబడితే అక్కడ చంపమని కదా? చర్చి వాళ్ల క్రూసేడ్లు ఏటి? చరిత్ర కూడా చెప్పండి.

పోస్టు రాసినవారు

పలాస తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. ముందు 9:5. దానికి ముందున్న 9:4 ఒప్పందం తప్పనివాళ్లని మినహాయిస్తుంది, వాళ్లతో గడువు తీరేదాకా మాట నిలబెట్టుకోమంటుంది. దాని తర్వాత 9:6 ముష్రిక్కుల్లో ఎవరైనా శరణు అడిగితే ఇవ్వమని, అతన్ని క్షేమమైన చోటికి చేర్చమని చెప్తుంది. అంటే ఒప్పందం తప్పి యుద్ధానికి దిగినవాళ్లతో ఉన్న గొడవ అది. అయితే పూర్వపు పండితుల్లో కొందరు ఈ 9:5 వచ్చాక శాంతి వచనాలు చెల్లవని వాదించిన మాట నిజం. రాజ్యాలు పెంచుకున్న సుల్తానులకి ఆ వాదం బాగా పనికొచ్చింది. ఆ వ్యాఖ్యానం తప్పని చెప్పే పండితులు అప్పుడూ ఇప్పుడూ ఉన్నారు. నాకు వీళ్ల మాటే గ్రంథానికి దగ్గరగా అనిపిస్తుంది. మొత్తం వరసగా చదివితే ఆ అర్థమే వస్తుంది.

ఇక క్రూసేడ్లు. 1095లో పోపు అర్బన్ 2 పిలుపునిస్తే పోగైన సైన్యం, 1099లో యెరూషలేములో దిగి ముస్లింలని, యూదుల్ని ఊచకోత కోసింది. దేవుని చిత్తం అని అరుస్తూ వెళ్లారు. తర్వాతి కాలంలో అక్వినాసు పెట్టిన మూడో షరతు ముందు అదెలా నిలుస్తుందో మీరే ఆలోచించండి. అయినా అదే క్రూసేడ్ల మధ్యలో 1219లో జరిగింది ఒకటి చెప్తాను. ఈజిప్టులో దమియెట్టా దగ్గర రెండు సైన్యాలు ఎదురెదురుగా ఉన్నాయి. అస్సీసి ఫ్రాన్సిస్ ఒక తోటి సన్యాసిని వెంటబెట్టుకుని, ఆయుధం లేకుండా సుల్తాన్ అల్ కామిల్ శిబిరానికి నడిచి వెళ్లాడు. ఆ సుల్తాను సలాఉద్దీన్ తమ్ముడి కొడుకు. చంపించొచ్చు, కాని గౌరవంగా కూర్చోబెట్టి, మాట విని, క్షేమంగా వెనక్కి పంపాడు. ఎవరూ మతం మారలేదు, యుద్ధమూ ఆగలేదు. అయినా మత్తయి 5:9లో ఉన్న పని అదే అని నా నమ్మకం. ఆ పని చేసింది ఫ్రాన్సిస్ ఒక్కడే కాదు, శత్రు మతం మనిషి మాట విని క్షేమంగా సాగనంపిన సుల్తాను కూడా.

ఒక మనవి. మన ఊళ్లలో సువార్త సభల పోస్టర్ల మీద ‘క్రూసేడ్’ అని వేస్తున్నారు. వేసేవాళ్ల మనసులో చెడు లేదు. కాని ముస్లిం పక్కింటాయన అది చదివితే ఏమనుకుంటాడో ఒక్కసారి ఆలోచించాలి. ‘సువార్త సభలు’ అన్న మంచి తెలుగు మాట ఉండనే ఉంది.

వ్యాఖ్య (రాజాం)

మాస్టారూ, గ్రంథాల్లో షరతులు ఎన్ని ఉన్నా యుద్ధం వచ్చాక ఎవరు పాటిస్తారు? 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఆడవాళ్లు, పిల్లలు ఎలా చనిపోయారో మన ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కోట మీదికొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ క్రైస్తవుల దేశం నుంచి వచ్చాడు, వెంట వచ్చింది విజయనగరం రాజు. అక్కడ మత గొడవే లేదు, రెండు సంస్థానాల పంతం.

వ్యాఖ్య (శ్రీకాకుళం)

అందుకే షరతులు ముందే చెప్పి పంపాలి. మొదటి ఖలీఫా అబూబకర్ సిరియాకి సైన్యాన్ని పంపుతూ ఆడవాళ్లని, పిల్లల్ని, ముసలివాళ్లని చంపొద్దు, కాయలు కాసే చెట్లు నరకొద్దు, ఊళ్లు పాడుచెయ్యొద్దు, మఠాల్లో ఉండే సన్యాసుల జోలికి వెళ్లొద్దు అని చెప్పారు. ఇమాం మాలిక్ గ్రంథంలో ఉంది ఇది. ఈరోజు ఇస్లాం పేరు చెప్పి చర్చిలో, బజారులో బాంబు పెట్టేవాడు ఈ మాటల్లో ప్రతిదాన్నీ తొక్కేశాడు. మా మసీదుల్లో ఇది ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

వ్యాఖ్య (బొబ్బిలి)

బాగా చెప్పారు భాయ్. మాస్టారూ, పిల్లలకి అర్థం చెప్పేటప్పుడు ‘రాజీ కుదిర్చేవారు’ అంటే తేలిక కదా? లోక్ అదాలత్ పుణ్యమా అని అందరికీ తెలిసిన మాటే.

పోస్టు రాసినవారు

రాజీ కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, ఒప్పుకున్న, తృప్తి పడిన అని దాని అర్థం. తప్పు లేదు. కాకపోతే మనవాళ్లు ‘రాజీ పడ్డాడు’ అంటే లొంగిపోయాడు అన్నట్టు వాడతారు. అందుకని వెనకాడుతున్నాను.

వ్యాఖ్య (శ్రీకాకుళం)

ఆ వెనకాడటం మా చరిత్రలోనూ ఉంది మాస్టారూ. 628లో మక్కా దగ్గరున్న హుదైబియాలో ప్రవక్త మక్కావాళ్లతో సంధి చేసుకున్నారు. పదేళ్లు యుద్ధం ఉండదు, ఈ ఏడాది కాబా చూడకుండానే తిరిగి వెళ్లాలి. కాగితం మీద ‘అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్’ అని రాస్తే మక్కావాళ్ల తరఫున వచ్చిన సుహైల్ ఒప్పుకోలేదు. చెరపడానికి ఆ సంధి రాస్తున్న అలీకి మనసొప్పలేదు, ప్రవక్తే చెరిపి ‘అబ్దుల్లా కొడుకు ముహమ్మద్’ అని రాయించారు. మనం సత్యం మీద ఉండి ఎందుకు తగ్గాలని ప్రవక్త సహచరుడు ఉమర్ బాధపడ్డారు. తిరిగి వస్తుండగా దారిలో 48వ సూరా దిగింది. అందులో మొదటి మాటే ఇది స్పష్టమైన విజయం అని. మీరు రాజీ అనే రాయండి.