పర్లాకిమిడిలో షాపు ఉంది, పాతపట్నంలో ఇంకొకటి పెడితే ఏ రాష్ట్రం రూల్స్ పాటించాలి?

పర్లాకిమిడి వ్యాపారి:
అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు బీరువాలు, మంచాలు, పరుపులు అమ్మే షాపు ఉంది. జీఎస్టీలో కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నాం, పనివాళ్ళు నలుగురు. గిరాకీలో సగం ఏపీ వాళ్ళే, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి సారె సామాను కోసం కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. అందుకే ఏపీలోని పాతపట్నంలో చిన్న షాపు అద్దెకు తీసుకుందామని అన్నయ్యా నేనూ అనుకుంటున్నాం. సరుకు ఇక్కడి గోడౌన్ నుంచే పంపి, మనుషులను కూడా అవసరాన్ని బట్టి అటూ ఇటూ తిప్పుదామని ఆలోచన. దూరం చూస్తే పక్క వీధికి వెళ్ళినట్టే, కానీ రాష్ట్రం మారిపోతుంది కదా. లైసెన్సులు, పన్నులు, పనివాళ్ళ రూల్స్ అన్నీ రెండేసి అవుతాయా? ఇంకో సంగతి, మా దగ్గర బీరువా కొన్న పాతపట్నం ఆయన ఒకరు తలుపు సరిగ్గా పడటం లేదు, మార్చకపోతే శ్రీకాకుళంలో కన్స్యూమర్ కేసు వేస్తానంటున్నారు. షాపు ఒడిశాలో ఉంటే కేసు శ్రీకాకుళంలో వేయడం కుదురుతుందా? దాంతో ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

బరంపురం అకౌంట్స్:
అన్నా, లైసెన్సు సంగతి తర్వాత చూద్దాం, అసలు చిక్కు "గోడౌన్ నుంచే పంపుతాం" అన్న దగ్గర ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలోనే తీసుకోవాలి. మీ ఒడిశా నంబరు 21తో మొదలవుతుంది, పాతపట్నం షాపుకి 37తో మొదలయ్యే ఏపీ నంబరు వేరే కావాలి. పాన్ ఒకటే అయినా చట్టం లెక్కలో అవి రెండు వేరు వేరు వ్యక్తులు. కాబట్టి మీ గోడౌన్ నుంచి మీ షాపుకే పది మంచాలు పంపినా, పైసా చేతులు మారకపోయినా, అది రాష్ట్రం దాటిన సప్లై కిందే వస్తుంది. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు బయటి రాష్ట్రం నుంచి కొనుక్కోవచ్చు గానీ బయటి రాష్ట్రానికి సరుకు పంపకూడదు. పైగా ఒక పాన్ మీదున్న రిజిస్ట్రేషన్లన్నీ కాంపోజిషన్‌లోనే ఉండాలి, లేదా అన్నీ బయటికి రావాలి, ఒకటి ఇందులో ఒకటి అందులో అంటే ఒప్పుకోరు. కోటిన్నర టర్నోవర్ పరిమితి కూడా రెండు షాపులకీ కలిపే చూస్తారు.
అంటే పాతపట్నం షాపుకి సరుకు విడిగా, ఆ 37 నంబరు మీదే కొనాలి. అలా కుదరదు అనుకుంటే రెండు చోట్లా రెగ్యులర్‌కి, అంటే మామూలు జీఎస్టీ పద్ధతికి మారి, ఇక్కడ ఐజీఎస్టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద జీఎస్టీ) ఇన్‌వాయిస్ వేసి పంపాలి, కట్టిన పన్ను అక్కడ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే అక్కడ కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. బండిలో సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాల్సిందే. రిటర్నుల పని పెరుగుతుంది, నిజమే, కానీ సీజన్‌లో మీరు తిప్పే సరుకు చూస్తే రెగ్యులరే నయం.

రాయగడ హార్డ్‌వేర్:
మాకు రాయగడలో ఒకటి, పార్వతీపురంలో ఒకటి కొట్లున్నాయి, పనివాళ్ళ సంగతి నేను చెప్తాను. మనిషి ఏ ఊరివాడన్నది లెక్క కాదు, ఏ షాపులో పని చేస్తున్నాడో ఆ రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది. షాపుల చట్టం ఒడిశాది 1956 నాటిది, ఏపీది 1988 నాటిది. ఏపీలో ఆరు నెలలు వరసగా పని చేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. "రేపటి నుంచి రావద్దు" అంటే చెల్లదు.
ప్రొఫెషనల్ ట్యాక్స్ (జీతం మీద రాష్ట్రం వేసే పన్ను) కూడా వేరే. నెలకు 14,000 ఇచ్చే కుర్రాడికి ఏడాదికి 1,68,000 అవుతుంది. ఒడిశాలో 1,60,000 దాటింది కాబట్టి నెలకు 125 కోయాలి. అదే జీతానికి ఏపీలో ఏమీ లేదు, అక్కడ 15,000 దాటితేనే మొదలు, 20,000 వరకు 150, ఆపైన 200. మనుషులను అటూ ఇటూ తిప్పితే ఈ లెక్కలన్నీ చెడిపోతాయి. మేము ఎవరిది ఏ షాపో ఖాయం చేసేశాం, ఒకరోజు అవతలికి పంపాల్సి వస్తే ఆ రోజు హాజరు అక్కడి రిజిస్టర్‌లోనే వేస్తాం. కనీస వేతనాలు రెండు రాష్ట్రాల్లో రెండు రకాలు, కరువు భత్యంతో మారుతూ ఉంటాయి, మేము రెండింట్లో ఏది ఎక్కువైతే అదే అందరికీ ఇస్తాం. ఒకే పని చేసే ఇద్దరికి రెండు జీతాలంటే కొట్లో మనశ్శాంతి ఉండదు.
బోర్డు సంగతి మర్చిపోకండి. ఒడిశాలో 2018 సవరణ తర్వాత షాపు పేరు ఒడియాలో ఉండాల్సిందే. అటు బోర్డు మీద తెలుగు ఉండాలి, అదీ పైన.

పాతపట్నం నుంచి:
వ్యాపారుల మాట సరే, కొనేవాళ్ళ వైపు నుంచి నేనొకటి చెప్తాను. ఆయన కేసు శ్రీకాకుళంలో వేయొచ్చు. పాత 1986 చట్టంలో వ్యాపారి ఉన్న చోటికో, లావాదేవీ జరిగిన చోటికో వెళ్ళాల్సి వచ్చేది. 2019 చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, కొన్నవాళ్ళు తాము ఉంటున్న జిల్లాలోనే కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు. కొన్న వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ వరకు గడువుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకి రాసిపెట్టినా లోపం ఉన్న సరుకుకి అది పనికిరాదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తిరిగి తీసుకోవాలి, కాదంటే అదే ఒక తప్పుగా చట్టం చూస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. బాబూ, సారెలో వెళ్ళిన బీరువా తలుపు పడకపోతే ఆ అమ్మాయి అత్తారింట్లో ఎన్ని మాటలు పడాలో మీకు తెలియంది కాదు. ముందు మనిషిని పంపి కీలు చూపించండి, పని అవ్వకపోతే బీరువా మార్చేయండి.

పర్లాకిమిడి వ్యాపారి:
చాలా థాంక్స్ అండీ. రేపే ఫిట్టర్‌ని పంపుతున్నాను, కుదరకపోతే వేరే పీస్ ఇస్తాం. బరంపురం అన్నకి ఒక ప్రశ్న. కొత్త షాపు లేకుండానే ఇప్పుడు కూడా మా ఆటోలో పాతపట్నం ఇళ్ళకు సామాను దింపుతుంటాం. కాంపోజిషన్‌లో ఉండి ఇది చేయొచ్చా?

బరంపురం అకౌంట్స్:
చేయకూడదన్నా. మీరు తీసుకెళ్ళి ఏపీ ఇంట్లో దింపితే అది అంతర్రాష్ట్ర అమ్మకమే. దింపకపోయినా, 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ లేని కస్టమర్‌కి బిల్లు మీద ఏ రాష్ట్రం చిరునామా రాస్తే అమ్మకం ఆ రాష్ట్రంలో జరిగినట్టే లెక్క. చిరునామా రాయకుండా వదిలేద్దామంటే, బిల్లుమీద ఊరు పేరు లేకుండా బీరువాకి వారంటీ ఎలా ఇస్తారు? కొనేవాళ్ళకీ అన్యాయమే. కాబట్టి పాతపట్నం షాపు పెట్టినా పెట్టకపోయినా ఈ గిరాకీతో మీకు రెగ్యులరే కావాలి. ఏడాది మధ్యలోనైనా మారొచ్చు, కాంపోజిషన్ నుంచి బయటికి రావడానికి సీఎంపీ-04 ఫారం వేయండి. గోడౌన్‌లో ఉన్న సరుకు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ కావాలంటే 30 రోజుల్లో ఐటీసీ-01 ఫారం వేయాలి. ఏడాది దాటిన బిల్లులకి రాదు, అందుకని కొనుగోలు బిల్లులు తారీఖు వారీగా ముందే తీసి పెట్టుకోండి.