చర్చ: సముద్రంలో గాలి త్వరగా అయిపోతోంది. తప్పు సామానుదా, ఈతదా?

తుంగభద్ర గట్టు, కర్నూలు:
మొన్న శీతాకాలంలో అండమాన్‌లోని హావ్‌లాక్ దగ్గర స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈత) చేశాను. 35 నిమిషాలకే నా సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్‌కు దిగింది. జోడీగా వచ్చినాయనకు ఇంకా 100 ఉంది. నడుముకు 8 కిలోల సీసం, రెండు టార్చిలైట్లు, కాలికి కత్తి, పక్కన వేలాడే గొట్టాలు. సంతకు పోయే గాడిదలా ఉన్నానని నాకే అనిపించింది. ఇదంతా అమ్మేసి తేలిక సామాను కొనుక్కుంటే మేలు కదా?

బావిగట్టు, ప్రొద్దుటూరు:
డబ్బు దండగ. మా ఊళ్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు వీపుకు బెండ్లు కట్టి, రోజుకో ముక్క తీసేవారు. మీది దానికి తిరగేసిన కథ. మునగడానికి సీసం ఎక్కువ కట్టారు, ఆ మునక ఆపడానికి ఒంటికి తొడిగిన తేలుడు జాకెట్టులో గాలి నింపారు. ఆ గాలి కుదురుగా ఉండదు. పైనుంచి 10 మీటర్లు దిగితే సగమవుతుంది, పైకొస్తే ఉబ్బుతుంది. నడుమును సీసం కిందికి లాగుతుంది, భుజాలను జాకెట్టు పైకెత్తుతుంది. ఇక ఈదడం ఎక్కడ, నీళ్లను ఛాతీతో తోయడమే. ఆయాసం రాక ఏమవుతుంది? ఆ లోతులో ఒక్కో శ్వాసకు పైకన్నా రెండింతల గాలి పోతుంది.

ఎర్రనేల, అనంతపురం:
అన్నగారి మాట సగమే ఒప్పుకుంటాను. మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలో నా గేజి (సిలిండర్ ఒత్తిడి చూపేది) గొట్టం వేలాడి ఒక పగడపు కొమ్మకు తగిలింది. కొమ్మ టక్కుమని విరిగింది. ఆ రోజు నా ఈత బాగానే ఉంది, గొట్టానికి క్లిప్పు లేదంతే. కాబట్టి సామాను సర్దుకోవాలి. అయితే తేలిక పేరుతో రెండో రెగ్యులేటర్ (జోడీకి గాలి అయిపోతే నోటికి అందించేది) జోలికి మాత్రం పోకండి. అది మీ జోడీ ప్రాణం.

బావిగట్టు, ప్రొద్దుటూరు:
క్లిప్పు సంగతి ఒప్పుకున్నానమ్మా. కత్తి తీస్తే మాత్రం బరువు కలిసిరాదు, ఆ మేరకు సీసం కట్టాల్సిందే. తగ్గేది నీటి ఒరిపిడి. ముందు సీసం తేల్చుకోండి. సిలిండర్ 50 బార్‌కు వచ్చాక, ఒడ్డు దగ్గర, జోడీ పక్కనుండగా జాకెట్టు ఖాళీ చేసి మామూలు శ్వాస పట్టుకుంటే నీళ్లు కంటి మట్టానికి రావాలి. శ్వాస వదిలితే మెల్లగా మునగాలి. మొదట్లో చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆఖరుకు సిలిండరే సుమారు 2 కిలోలు తేలికవుతుంది.

తుంగభద్ర గట్టు, కర్నూలు:
అయితే ఇక్కడి ఈత కొలనులోనే తేల్చుకుని పోతాను.

ఎర్రనేల, అనంతపురం:
ఆ అంకె సముద్రంలో చాలదు. ఉప్పునీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. మీరూ సామానూ కలిపి 100 కిలోలుంటే అక్కడ ఇంకో రెండున్నర కిలోల సీసం కావాలి. కొలనులో కాళ్ల పని నేర్చుకోండి. కత్తెరలా ఆడించకుండా, మోకాళ్లు మడిచి కప్పలా వెనక్కి తన్ని, కాసేపు ఊరికే జారాలి. అడుగున ఒక ఆకు వేసుకుని దాని మీదుగా పోండి. ఆకు కదిలిందా, మళ్లీ మొదటికి రండి.