తెలుగు సినిమా కార్మికుల సమ్మె ఆగింది సరే, పెరిగిన కూలి చేతికొస్తోందా?

లైట్‌మ్యాన్_కృష్ణానగర్: 2025 ఆగస్టులో 18 రోజులు షూటింగులు ఆపాం. కూలి 30 శాతం పెంచమని అడిగితే మూడేళ్లలో కలిపి 22.5 దగ్గర తేలింది. రోజుకు 2000 లోపు వాళ్లకి మొదటి ఏడాది 15, తర్వాత 2.5, ఆపైన 5. మీకు కొత్త రేటు కడుతున్నారా? బేటా, అదే రోజు ఖర్చుల డబ్బు, ఎంత ఇస్తున్నారు?

చిన్న_నిర్మాత: నాది ఇద్దరు ఓ గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమా. లైటింగ్‌కి ముగ్గురు చాలన్నాను, యూనియన్ వాళ్లు తొమ్మిది మందిని పంపారు. ఆరుగురు పొద్దంతా వ్యాను నీడలోనే ఉన్నారు. నేను తెచ్చింది మూడు రూపాయల వడ్డీకి!

లైట్‌మ్యాన్_కృష్ణానగర్: నీడలోనా? జనరేటర్ నుంచి మేడ మీదికి కేబుల్ లాగింది ఎవరన్నా? ఓసారి ఆ బరువు భుజాన వేసుకుని మెట్లెక్కు, అప్పుడు మాట్లాడదాం.

చిన్న_నిర్మాత: మేడ లేదు, గది అన్నాను. చదివి కొట్లాడు తమ్ముడూ.

మేకప్_అసిస్టెంట్: యూనియన్ సభ్యత్వ కార్డు గురించి ఒక్కరూ నోరెత్తరేం? నాలుగేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. కార్డు అడిగితే లక్షల్లో చెప్పారు. అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టినా సగం కూడా రాలేదు. ఒకరోజు యూనియన్ వాళ్లు సెట్‌కి కార్డుల చెకింగ్‌కి వచ్చి నన్ను బయటికి పంపేశారు. అప్పటికి హీరోయిన్‌కి ఒక కంటికే కాటుక పెట్టాను, బ్రష్ చేతిలోనే ఉంది.

పాత_మేనేజర్: 31 ఏళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశాను, నాకు తెలియని లెక్క లేదు. 2025 నవంబరు దాకా 1981 సినీ కార్మికుల చట్టం ఉండేది. రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని అందులోనే ఉండేది. ఆ కాగితం మీలో ఎవరి దగ్గరుంది? ఇక కార్డు ఫీజంటారా, ఊరికే తీసుకోరమ్మా, రేపు కాలో చెయ్యో విరిగితే ఆదుకునేది యూనియనే.

మేకప్_అసిస్టెంట్: లోపలికే రానివ్వకపోతే ఆదుకునేది ఎవర్ని సార్? 31 ఏళ్లలో మీరు ఎంతమందికి ఆ కాగితం రాసిచ్చారు?

పాత_మేనేజర్: మర్యాదగా మాట్లాడు. మేం పనిచేసిన రోజుల్లో మాట మీద నడిచేది.

జూనియర్_ఆర్టిస్ట్_ఇందిరానగర్: మాట మీద నడిచే నా డబ్బు మూడు నెలలు ఆగింది బాబాయ్. తెల్లారి నాలుగింటికి బస్సెక్కించారు. పెళ్లి సీను, పట్టుచీర, మే నెల ఎండ. షూటింగ్ పేకప్ అయ్యాక, మమ్మల్ని పనికి తీసుకెళ్లే కోఆర్డినేటర్‌ని అడగమన్నారు, ఆయనేమో కంపెనీ ఇవ్వలేదన్నాడు. శాతాలు ఎంత పెరిగితే నాకేంటి? రోజు కూలి రోజే చేతిలో పెట్టాలి. నాకు అదొక్కటే కావాలి.

లైట్‌మ్యాన్_కృష్ణానగర్: అక్కా, ఆ కోఆర్డినేటర్ మీద యూనియన్‌లో రాసిచ్చావా?

జూనియర్_ఆర్టిస్ట్_ఇందిరానగర్: రాసిస్తే మర్నాటి నుంచి ఫోన్ రాదు తమ్ముడూ.

చిన్న_నిర్మాత: అమ్మా, నేను కోఆర్డినేటర్‌కి సాయంత్రమే క్యాష్ ఇచ్చేస్తాను. మీదాకా రావడం లేదని ఇప్పుడే తెలిసింది. ఈసారి మనిషి మనిషికీ ఫోన్‌లోనే వేస్తాను.

కొత్త_సభ్యుడు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. సినిమా కార్మికుల చిత్రపురి కాలనీలో సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఎంత ఉందిప్పుడు?