రెటినాల్, విటమిన్ సి, గ్లైకాలిక్: ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న (విజయవాడ నుంచి): నాకు 44 ఏళ్లు. కళ్ల చివర గీతలు, బుగ్గల మీద మంగు. డాలస్ నుంచి వచ్చిన మా చెల్లి మూడు సీసాలు చేతిలో పెట్టి వెళ్లింది: రెటినాల్ 0.5 శాతం, విటమిన్ సి 15 శాతం, గ్లైకాలిక్ యాసిడ్ 10 శాతం. వచ్చే నెల ఆడపడుచు కూతురి పెళ్లి. ఈలోగా ముఖం కాస్త తేటపడితే చాలు. మూడూ ఒకదాని మీద ఒకటి రాసుకోవచ్చా అండీ?

జవాబు: వద్దండీ. రెటినాల్ (విటమిన్ ఎ రకం), గ్లైకాలిక్ (చర్మం పైపొరను ఒలిచే యాసిడ్) రెండూ ఒకే రాత్రి పడితే తేట సంగతి దేవుడెరుగు, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది. పైగా రెటినాల్ ఫలితం కనబడటానికి మూడు నెలలైనా పడుతుంది. మొదటి వారాల్లో చర్మం ఎండి మంట పుట్టడం మామూలే. పెళ్లి అయ్యాకే ఆ సీసా మూత తీయండి.

ఇప్పటికి పొద్దున విటమిన్ సి, ఆపైన మాయిశ్చరైజర్, చివర సన్‌స్క్రీన్. ముందు ఆ విటమిన్ సి సీసాను వెలుతురుకి పట్టి చూడండి. నీళ్లలాగో లేత పసుపుగానో ఉంటే వాడొచ్చు. టీ డికాక్షన్ రంగులోకి తిరిగితే గాలి తగిలి పాడైపోయినట్టే (ఆక్సిడైజ్), పారేయండి. మన ఎండలకి బాత్రూమ్ అరలో పెట్టకుండా ఫ్రిజ్ తలుపులో పెట్టుకోండి.

పెళ్లి హడావుడి తగ్గాక రెటినాల్. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుంటే ముఖమంతటికీ సరిపోతుంది. కనురెప్పలు, ముక్కు మూలలు, పెదవుల అంచులు వదిలేయండి. మొదట వారానికి రెండు రాత్రులే. తట్టుకుంటుంటే నెమ్మదిగా పెంచుకోవచ్చు. పొడి చర్మమైతే ముందు కొంచెం మాయిశ్చరైజర్ రాసి దాని మీద రాయండి. గర్భం ఉన్నా, ప్లాన్ చేస్తున్నా రెటినాల్ జోలికి వెళ్లకూడదు.

గ్లైకాలిక్ చెల్లికే తిరిగి ఇచ్చేయండి, నిజంగా చెబుతున్నా. ఈ వయసు గీతలకు మీ దగ్గరున్న వాటిలో బలమైన ఆధారం ఉన్నది రెటినాల్‌కే. చర్మం దాన్ని రెండు దశల్లో రెటినోయిక్ యాసిడ్‌గా మార్చుకుంటుంది, అదే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ ప్రోటీన్ తయారీని పెంచుతుంది. డాక్టర్లు రాసే ట్రెటినోయిన్ నేరుగా రెటినోయిక్ యాసిడే, అందుకే దాని ఘాటు ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. సన్‌స్క్రీన్ దేనికి, నేను రోజంతా ఇంట్లోనే కదా? ఇంకోటి, మా వీధి మెడికల్ షాపాయన మంగుకి ఒక ట్యూబ్ ఇచ్చాడు, వారంలో తెల్లబడుతుందన్నాడు.

మరో జవాబు (ఫార్మసిస్టుని): ఆ ట్యూబ్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. దాంతోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిపిన క్రీములున్నాయి. మంగుకి డాక్టరు కొన్నాళ్లపాటు, తన పర్యవేక్షణలో వాడించే మందు అది. మనవాళ్లు ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి రాస్తారు. మొదట్లో మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట. చీటీ లేకుండా అమ్మకూడని మందది, తిరిగి ఇచ్చేయండి.

ఇక సన్‌స్క్రీన్. ఎండలో ముడతలకు ఎక్కువ కారణమైన యూవీఏ కిరణం కిటికీ అద్దం దాటి వస్తుంది. సీసా మీది ఎస్పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణం లెక్క, యూవీఏకి పీఏ గుర్తు చూడాలి. ఎస్పీఎఫ్ 30 పైన, పీఏ+++ ఉన్నది చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీసి ముఖానికీ మెడకీ రాయండి. మంగుకి మామూలు వెలుతురు కూడా పడదు, కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ (చర్మం రంగు కలిపిన) రకమైతే మేలు. ఇది మానేసి సీరమ్‌ల మీద ఎంత పెట్టినా డబ్బు దండగ.

ప్రశ్న అడిగినవారు: పెళ్లికి అప్పర్ లిప్ వ్యాక్సింగ్ చేయించుకోవచ్చా?

జవాబు: ఇంకా రెటినాల్ మొదలుపెట్టలేదు కాబట్టి నిక్షేపంగా చేయించుకోండి. మొదలుపెట్టాక మాత్రం వ్యాక్సింగ్‌కి కనీసం వారం ముందు ఆపేయాలి, లేదంటే మైనంతో పాటు పైపొర ఊడొస్తుంది. పార్లర్ అమ్మాయికి కూడా ముందే చెప్పండి.