లంచం ఇచ్చినవాడూ నేరస్థుడేనా?

వెన్నెలవాగు:
అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమైంది. ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చినవాళ్లు బయటపడాలంటే, ఇచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ఇది న్యాయమేనంటారా?

కృష్ణాతీరం:
న్యాయమే. అడగకముందే కవరు తీసేవాళ్లను ఎంతమందిని చూడలేదు? చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, వెంచర్ వేసి, అనుమతుల కోసం లక్షలు పంచే మనిషి బాధితుడు ఎలా అవుతాడు? ఇచ్చేవాడికి భయం ఉంటేనే తీసుకునేవాడు తగ్గుతాడు.

పత్తిచేను:
కృష్ణాతీరం గారూ, వెంచర్ మనిషి విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ అతన్నీ మా నాన్ననూ ఒకే గాటన కట్టకండి. తాత పోయాక రెండెకరాల విరాసత్ (వారసుల పేరుకు భూమి మార్పు) కోసం 2019లో నెలల తరబడి తిరిగాం. ఒకసారి మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పన్నారు. అది దిద్దించుకుని వెళ్తే అత్తల సంతకాలు కావాలన్నారు. అవీ తెస్తే సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. కొర్రీ మీద కొర్రీ. ఆఫీసులో ఎవరూ నోరు తెరిచి డబ్బు అడగలేదు. బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన మాత్రం ఎనిమిది వేలిస్తే వారంలో అయిపోతుందన్నాడు. పత్తి అమ్మిన డబ్బులోంచి ఇచ్చాం. నాలుగో రోజుకు పనైంది. అప్పటికి పాసుపుస్తకం ఇంకా చేతికి రాలేదు, ఎక్కడ ఆపేస్తారోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ ఏడు రోజుల్లో నాన్న ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? జిరాక్స్ షాపు మనిషి మీదా?

వెన్నెలవాగు:
డబ్బు ఇవ్వకముందే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) 1064 నంబరులో చెబితే చట్టం రక్షిస్తుంది కదా. పైగా ఫిర్యాదుదారు చనిపోయినా, కోర్టులో మాట మార్చినా పరిస్థితుల సాక్ష్యంతో నేరం నిరూపించవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో చెప్పింది.

పత్తిచేను:
ఏసీబీ ట్రాప్‌లో దొరికినవాడు దొరుకుతాడు, పొడి పూసిన నోట్లు పట్టిన వేళ్లు కడిగితే ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఫైలు మాత్రం అదే ఆఫీసులో, పక్క కుర్చీలో ఉంటుంది. రైతు భయం అక్కడే.

నాకు అర్థమైనంతలో లంచం పుట్టేది ఫైలు ఎందుకు ఆగిందో చెప్పనక్కర్లేని చోట. 2020 అక్టోబరులో తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఒకే రోజు అయ్యాయి. ఆ ఒక్క పనికి మా వైపు చేయి తడపడం తగ్గింది, కళ్లారా చూశాను. కానీ సర్వే నంబరు పొరపాటున నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) పడితే? ధరణి ఉన్నప్పుడు దిద్దే అధికారం తహసీల్దారుకు ఉండేది కాదు, కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది. దళారులు ఆ దారిలో వచ్చి నిలబడ్డారు.

కొర్రీలన్నీ ఒకేసారి, రాతపూర్వకంగా, సంతకం పెట్టి ఇవ్వాలి. ఇక ఫిర్యాదుకు ఇచ్చే ఆ ఏడు రోజుల గడువు, పని పూర్తయి కాగితం చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలి.

కృష్ణాతీరం:
గడువు మాట ఒప్పుకుంటాను. ఆ వెసులుబాటు వెంచర్ మనిషికీ దొరుకుతుందే?

పత్తిచేను:
దొరకకూడదు. కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు 2011లో ఈ తేడానే చూపించారు: హక్కుగా రావాల్సిన పని కోసం ఇచ్చుకున్నవాడిని శిక్షించవద్దన్నారు. తాత భూమి మా నాన్నకు హక్కు. చెరువు శిఖంలో వెంచర్ ఎవరి హక్కూ కాదు.