ప్రైమరీ పిల్లల క్రాఫ్ట్ ప్రాజెక్టులు ఇంటికి పంపడం ఆపేయాలా?

బెజవాడ అమ్మ

మా పాప మూడో తరగతి. మొన్న బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తింటూ తీరిగ్గా చెప్పింది, "అమ్మా, రేపు పల్లెటూరి మోడల్ తీసుకెళ్ళాలి" అని. డైరీ తీసి చూస్తే సోమవారమే రాసుంది. మా ఆయన బండి తీసుకుని పరిగెత్తేసరికి షాపువాళ్ళు షట్టర్ సగం దించేశారట. బతిమాలి థర్మాకోల్ షీటు, ఆకుపచ్చ రంగు వేసిన రంపపు పొట్టు, ఫెవికాల్, రెండు ప్లాస్టిక్ ఆవులు తెచ్చారు.

పాప పదింటికల్లా సోఫాలో నిద్రపోయింది. నేనూ మా ఆయనా పన్నెండున్నర దాకా గుడిసెలు అంటిస్తూ కూర్చున్నాం. బావికి అగ్గిపుల్లలతో గిలక కూడా పెట్టాం. పొద్దున అది ఆటోలో విరక్కుండా ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను.

ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. సాయంత్రం పాప సర్టిఫికెట్ తెచ్చి నా చేతికిచ్చి, "ఇదిగో అమ్మా, నీది" అంది. వెటకారం ఏమీ లేదు. నాదే అనుకుని ఇచ్చింది.

అప్పట్నుంచీ ఇదే ఆలోచన. ఐదో తరగతి వరకూ క్రాఫ్ట్ పని ఏదీ ఇంటికి పంపకూడదు. చేయిస్తే క్లాసులో చేయించాలి, లేకపోతే మానేయాలి. మీరేమంటారు?

35 నిమిషాలు

అమ్మగారూ, నేను ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచర్ని. మీరు చెప్పింది నిజమే. అవతలి పక్క కూడా వినండి.

మా క్లాసులో 42 మంది. పీరియడ్ 35 నిమిషాలు. రంగు కాగితాలు పంచి, "మేడమ్ నాకు ఎరుపు కావాలి" అన్న గొడవ తీర్చేసరికి పది నిమిషాలు. జిగురు ఆరడానికి పది. చేతులు కడుక్కోడానికి వరండా చివర ఉన్న కుళాయిలు రెండు. ఈలోపు తర్వాతి పీరియడ్ టీచర్ గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటూ ఉంటారు. చివరికి నేల మీద కాగితం ముక్కలు ఊడ్చేది ఆయా కాదు, నేనే.

ఇంకో సంగతి. మా మేనేజ్‌మెంట్‌కి కావాల్సింది ఫొటో. స్కూల్ పేజీలో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి కదా. ఏడేళ్ళ పిల్ల చేసిన వంకర గుడిసె ఫొటోలో ఏం బాగుంటుంది? కాబట్టి ప్రైజు ఎవరికి వస్తుందో మాకూ తెలుసు, మీకూ తెలుసు. ఆ వంకర గుడిసెనే నేను గోడకి పెడితే, "మా వాడికి ఏమీ నేర్పడం లేదా మేడమ్?" అని మీటింగులో అడిగేది కూడా తల్లిదండ్రులే.

లెక్కల నాన్న

అసలు ఇంట్లోనా క్లాసులోనా అన్నదాని కంటే ముందు, ఎందుకు అని అడగాలి. మా వాడు నాలుగో తరగతి. 503 లోంచి 287 తీసెయ్యమంటే ఆ సున్నా దగ్గర ఆగిపోతాడు. అప్పు తెచ్చుకోవడం రాదు. తెలుగు పేరా చదవమంటే కూడబలుక్కుంటాడు. ఫీజు మాత్రం ఠంచనుగా కడుతున్నాం. ఈ పరిస్థితిలో వారానికి రెండు గంటలు కత్తిరించడాలు, అతికించడాలు ఏమిటండీ? బొమ్మలు చేసుకోడానికి వేసవి సెలవులున్నాయి.

మా రోజుల్లో క్రాఫ్ట్ పీరియడ్ అని టైంటేబుల్‌లో ఉండేది గానీ దాన్ని లెక్కల మాస్టారు లాక్కునేవారు. మాకేం నష్టం జరగలేదు.

ఒంటి పంతులు

లెక్కల నాన్న గారూ, ఆ పీరియడ్ లాక్కున్న మాస్టార్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు మారాను. ఎందుకు మారానో చెబుతాను, కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు వరకూ కలిపి 19 మంది, ఒకటే గది. క్రాఫ్ట్ కోసం నాకు డబ్బు లేదు. చెరువు మట్టి మాత్రం కావల్సినంత ఉంది. ముందురోజు బకెట్‌లో నానబెడతాం. రాళ్ళూ వేళ్ళూ ఏరడం ఐదో తరగతి పిల్లల పని. మట్టి చేతికి అంటుకుంటుంటే ఇంకాస్త పొడిమట్టి వేయాలి, వేలు పెట్టి వంచితే అంచులు చిట్లుతుంటే నీళ్ళు చిలకరించాలి. ఇది నేను చెప్పాల్సిన పని లేదు, రెండోసారికే వాళ్ళకి తెలిసిపోతుంది. మొదటిసారి బొమ్మలన్నీ ఎండలో పెట్టాం. మధ్యాహ్నానికి ఏనుగుల తొండాలన్నీ విరిగి పడ్డాయి. మర్నాడు నీడలో ఆరబెట్టారు. అడిగితే ఒకటో తరగతి పిల్ల చెప్పింది, "పైన గబగబా ఎండితే లోపల తడి ఉంటది సార్, అందుకే చీలింది" అని. పాఠం చెప్పి రాబట్టగలిగేవాణ్ణా ఆ మాట?

ఇంకొకటి. ఒక పిల్లాడు కత్తెరతో కాగితం కత్తిరించలేకపోయేవాడు. కాగితం రెండు రెక్కల మధ్య మడతపడి ఇరుక్కునేది. మొద్దు అనుకున్నాను, ఆ మాట పైకి అన్నాను కూడా. నెల తర్వాత గమనించాను, వాడిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ళకి చేసింది. ఎడమచేత్తో పట్టుకుని నొక్కితే రెక్కలు దగ్గరికి రాకుండా ఎడం జరుగుతాయి. వాడికి చింపి అతికించే పని ఇచ్చాను. పాత దినపత్రికల్లో రంగు ముక్కలు చింపి కోడిపుంజు చేశాడు, తోక చూసి తీరాలి. అంతకుముందు వాడి అక్షరాలు వంకరగా ఉంటే కొట్టినవాణ్ణి నేను. క్రాఫ్ట్ పెట్టకపోతే వాడి చేతిని నేను చూసేవాణ్ణే కాదు.

లెక్కలు అన్నారు కదా. అరవింద్ గుప్తా గారి పేరు విని ఉంటారు, పనికిరాని సామానుతో బొమ్మలు చేయడం నేర్పినందుకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చూపించినదే ఒకటి: సైకిల్ వాల్వ్ ట్యూబు చిన్నచిన్న ముక్కలు కోసి, తల గీకేసిన అగ్గిపుల్లల్ని వాటితో కలపడం. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కినా కదలదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. అడ్డంగా ఇంకో పుల్ల పెడితే నిలబడుతుంది. మా పిల్లలు ఇంటికెళ్ళి పందిరి వాసాలు చూసి వచ్చారు, ఏటవాలు కర్ర ఎందుకుందో చెప్పడానికి.

లెక్కల నాన్న

పంతులు గారూ, మీలాంటి వాళ్ళు చేయిస్తే ఎవరు కాదంటారు? 19 మంది, మీ ఇష్టమైన టైము. మిగతా చోట్ల జరుగుతున్నది బొమ్మకి రంగు వేయించడం. యాపిల్ బొమ్మ జిరాక్స్ ఇస్తారు, ఎర్ర రంగు వేయమంటారు, గీత దాటితే మార్కు తీసేస్తారు. దానికంటే ఎక్కాలు నయం.

35 నిమిషాలు

అది మాత్రం ఒప్పుకుంటాను. మా స్టోరూమ్ నిండా ఆ యాపిల్ జిరాక్సులే.

అయినా కాగితం మీద ఎవరూ ఏమీ తక్కువ చెప్పలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకూ కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి కళల పుస్తకమే వేరుగా తెచ్చింది. ఇంకా వెనక్కి వెళితే 1937లో వార్ధాలో గాంధీగారు చదువంతా ఒక చేతిపని చుట్టూ అల్లాలన్నారు. ఇన్నేళ్ళ తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి మిగిలింది శుక్రవారం చివరి పీరియడ్. యాన్యువల్ డే రిహార్సల్స్ మొదలైతే అదీ ఉండదు.

పుస్తకాల కొట్టు

చాలారోజులుగా చదివి వెళ్ళిపోతున్నాను, ఇవాళ రాయక తప్పడం లేదు. ఆ సగం దించిన షట్టర్ లోపల ఉండేది నాలాంటి వాడే.

ప్రాజెక్టుల సీజన్‌లో రాత్రి తొమ్మిదింటికి వచ్చేవాళ్ళు వస్తువులు అడగరు. "సోలార్ సిస్టం ఉందా? వాటర్ సైకిల్ ఉందా?" అంటారు. రెడీమేడ్ ఉంటే రెండు నిమిషాల్లో డబ్బు కట్టి వెళ్ళిపోతారు. ఒకే మోడల్ ఒకే క్లాసులో ముగ్గురికి అమ్మిన రోజులున్నాయి. మర్నాడు ఒకావిడ వచ్చి పోట్లాడింది, మా బాబుదే ప్రత్యేకంగా లేకుండా చేశానని.

థర్మాకోల్ సంగతి కూడా చెప్పాలి. 2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మాకోల్ మీద దేశమంతా నిషేధం ఉంది. ఆ రోజు నుంచి నేను బయట పెట్టడం మానేశాను. "స్కూల్లో థర్మాకోలే తెమ్మన్నారండీ" అని అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు. పిల్లలకి పర్యావరణం మీద ప్రాజెక్టు కూడా దాని మీదే చేయిస్తున్నారు. నా వ్యాపారం నేను చెడగొట్టుకుంటున్నానేమో గానీ, అట్టపెట్టెలు ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి. మైదాపిండి నీళ్ళలో కలిపి సన్నసెగ మీద ఉడికిస్తే అట్టకి ఫెవికాల్ కంటే ఏం తక్కువ కాదు. కాస్త పసుపో, మైలుతుత్తమో వేస్తే పురుగు పట్టదంటారు గానీ, మైలుతుత్తం విషం. పిల్లలున్న చోట దాని జోలికి పోవద్దు. ఏ రోజుది ఆ రోజు ఉడికించుకోండి.

గునుగు పువ్వు

అందరూ ఇంటికి పంపొద్దు అనే అంటున్నరు. నేను ఒప్పుకోను.

మాది సిద్దిపేట వైపు. బతుకమ్మకి మా అమ్మ గునుగు పూలు కట్టలు కట్టి, కొసలు సమానంగా కోసి, రంగు నీళ్ళల్ల ముంచుతుంటే మా బిడ్డ పక్కనే కూసుంటది. సిబ్బి పళ్ళెంల గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, పైకి పోయినకొద్దీ వలయం చిన్నగా చేసుకుంట పోవాలె. మొదటి వలయం లోపలికి జరిగితే పైనంతా కూలుతది. పోయినేడు బిడ్డ పేర్చిన చిన్న బతుకమ్మ రెండుసార్లు కూలింది, మూడోసారి నిలబడ్డది. మధ్యల ఆకుల ముక్కలు కూరాలని వాళ్ళ అమ్మమ్మ ఒక్క మాట చెప్పింది, అంతే. చెయ్యి పెట్టలే.

ఇది ఏ క్లాసుల నేర్పుతరు? మాకు దగ్గర్లోనే చేర్యాల. అక్కడ రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో బొమ్మలు, మాస్కులు చేస్తరు. అనకాపల్లి దిక్కు ఏటికొప్పాకల అంకుడు కర్రతోని, కొండపల్లిల తెల్లపొణికి కర్రతోని బొమ్మలు చేస్తరు. ఆ ఇండ్లల్ల పిల్లలు బడికి పోయి థర్మాకోల్ గుడిసె చేసుకొస్తే మనమే తప్పు చేస్తున్నట్టు. ఇంట్లో ఉన్న పనితనాన్ని బడికి తీసుకురమ్మనాలె గానీ, ఇంటి తలుపు మూసేస్తే ఎట్ల?

ఒంటి పంతులు

గునుగు పువ్వు గారు నా నోరు మూయించారు. నేనూ ఇంటికి వద్దు అనే రాయబోయాను. మా పిల్లల్లో ఒకడి తాత తాటాకుతో బుట్టలు అల్లుతాడు. ఆయన్ని బడికి పిలవాలని ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

నాకిప్పుడు అనిపిస్తున్నది ఇది. ఇంటి నుంచి పని రావచ్చు, దానికి మార్కు మాత్రం ఉండకూడదు. ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యమధ్యలో జరిగే మూల్యాంకనంలో, ప్రాజెక్టు పనికి మార్కులున్నంత కాలం బెజవాడ అమ్మగారు పన్నెండున్నర దాకా మేలుకోక తప్పదు. మార్కు వేయాల్సిందే అంటే, "దీన్ని ఎలా చేశావు, ఎక్కడ విరిగింది, అప్పుడేం చేశావు?" అని అడిగి, చెప్పినదానికి వేయండి. ఆ గిలక ఎలా తిరుగుతుందో పాపకి తెలియదు కదా.

35 నిమిషాలు

42 మందిని అడగాలంటే రోజుకి ఎనిమిది మంది, వారం పడుతుంది. అయినా చేయొచ్చు. అసెంబ్లీ తర్వాత హాజరు తీసుకునే టైములో. ఫొటో సంగతే తేలడం లేదు. మా ప్రిన్సిపాల్ మేడమ్‌ని వచ్చే టర్మ్‌లో అడుగుతాను, ఇప్పుడడిగితే తిడతారు.

బెజవాడ అమ్మ

వారం తర్వాత మళ్ళీ వచ్చాను. ఈసారి ప్రాజెక్టు రవాణా సాధనాలు. పుస్తకాల కొట్టు వారి మాట పట్టుకుని అట్టపెట్టె ఒకటి పాప ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయాను. కష్టమండీ. మా ఆయన చెయ్యి రెండుసార్లు ముందుకెళ్ళింది, నేనే పట్టుకుని లాగాను.

ఆటో చేసింది. సీసా మూతలే చక్రాలు. వెనకవి రెండూ చీపురుపుల్ల మీద తిరుగుతున్నాయి, ముందు చక్రాన్ని జిగురు పెట్టి అంటించేసింది. తిరగదు. డైరీలో "ఇది మా పాప ఒక్కతే చేసింది" అని రాసి పంపాను. ప్రైజ్ రాలేదు, చివరి బల్ల మీద పెట్టారట. పాప మాత్రం దాన్ని జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంది. ఆ పల్లెటూరి మోడల్ ఇప్పటికీ బీరువా మీదే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆటో మాత్రం నాలుగు రోజుల నుంచి టీవీ దగ్గర్నుంచి వంటింటి దాకా ట్రిప్పులు కొడుతోంది, శనగల్ని ఎక్కించుకుని. నిన్న ముందు చక్రం పీకి మళ్ళీ పెట్టింది.

లెక్కల నాన్న

ట్రిప్పుకి ఎంత తీసుకుంటోంది?

బెజవాడ అమ్మ

పది రూపాయలు. నేను యాభై ఇచ్చాను. నలభై ఇవ్వాలని వెంటనే చెప్పింది గానీ, చిల్లర లేదంది.