గేజ్ లేకుండా మాస్ట్ తీగల బిగువు కొలిచేదెట్టా? 22 అడుగుల పడవ, కృష్ణపట్నం

ఉప్పుటేరు_తెరచాప:

అన్నలందరికీ నమస్కారం. పడవ 22 అడుగుల ఫైబర్‌ది, మాస్ట్‌హెడ్ స్లూప్, అంటే మాస్ట్ (తెరచాప కొయ్య) ఒకటే, ముందు తీగ దాని కొన దాకా పోతది. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేటిలో లంగరు మీద ఉంటది. మాస్ట్ డెక్ మీదే నిలబడి ఉంది, దాని బరువు మోయడానికి కేబిన్ లోపల కొయ్య గుంజ ఉంది. ఒక జత స్ప్రెడర్లు (పక్క తీగల్ని మాస్ట్‌కి ఎడంగా నెట్టే అడ్డకర్రలు), వెనక్కి వాలకుండా నేరుగా ఉన్నాయి. క్యాప్ ష్రౌడ్లు (మాస్ట్ కొన నుంచి దిగే పక్క తీగలు), ముందూ వెనకా లోయర్లు (మాస్ట్ నడుము నుంచి దిగే పక్క తీగలు), ఫోర్‌స్టే (ముందు తీగ), బ్యాక్‌స్టే (వెనక తీగ) అన్నీ 4 మి.మీ. 1×19 తీగ (19 పోగులు కలిపి పేనిన ఒకే పేట), 316 స్టెయిన్‌లెస్ స్టీలు. టర్న్‌బకిళ్లు (తిప్పి తీగ బిగించే మర బిగింపులు) ఎం8, అంటే 8 మి.మీ. మర.

మధ్యాహ్నం సముద్రం గాలి లేచి పడవ వాలినప్పుడు చాటు వైపు (గాలి తగలని వైపు) ష్రౌడ్ పూర్తిగా వదులైపోయి ఊగతా ఉంది. జిబ్ (ముందు తెరచాప) ముందంచు కూడా పొట్టగా వంగిపోతా ఉంది, గాలికి ఎదురుగా పడవ ఎక్కడం లేదు. బిగువు ఎంత ఉండాలి? టెన్షన్ గేజ్ నెల్లూరులోగానీ ఒంగోల్లోగానీ దొరకలేదు. అది లేకుండా కొలవొచ్చా? లంగరు మీద వదిలేసేటప్పుడు తీగలు సడలించాలా?

మైపాడు_రిగ్గర్:

గేజ్ లేకపోతే ఏం ఫర్వాలేదు. 1×19 తీగకి ఒక మంచి గుణం ఉంది: 2 మీటర్ల పొడవులో 1 మి.మీ. సాగితే దాని మీద తెగే బరువులో 5 శాతం పడినట్టు. తీగ మందం ఎంతైనా ఇదే లెక్క, ఎందుకంటే మందం పెరిగితే తెగే బరువూ, సాగనివ్వని గట్టిదనమూ రెండూ ఒకే పాళ్లలో పెరుగుతాయి. 4 మి.మీ. తీగ దాదాపు 1,250 కిలోల దగ్గర తెగుతుంది. మీ క్యాప్ ష్రౌడ్లకి 15 శాతం పెట్టుకోండి, అంటే సుమారు 190 కిలోలు, 2 మీటర్లకి 3 మి.మీ. సాగుదల. 20 శాతం దాటి పోవద్దు.

కొలబద్దకి సరిగ్గా 2 మీటర్ల టేకు బద్ద గానీ అల్యూమినియం పట్టీ గానీ చాలు. పీవీసీ పైపు మాత్రం వాడొద్దు. ఎండకి అది ఒక్కో డిగ్రీకీ 0.1 మి.మీ. పైన పెరుగుతుంది, అయిదు డిగ్రీలు మారితే మీ కొలతలో 3 శాతం తప్పు వచ్చేసినట్టే. పొద్దున గాలి లేవకముందు చేయండి.

అయితే బిగించే ముందు మాస్ట్ నిటారుగా ఉందో లేదో చూడాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా స్పానర్ పట్టుకుంటారు, వంకర మాస్ట్‌ని అట్టాగే గట్టిగా కట్టేస్తారు. లోయర్లన్నీ సడలించండి. మెయిన్ హాలియార్డ్‌కి (పెద్ద తెరచాప ఎత్తే తాడుకి) స్టీలు టేపు కట్టి పైకి లాగి, కుడి చైన్‌ప్లేట్ (ష్రౌడ్‌ని పడవకి పట్టి ఉంచే ప్లేటు) దాకా ఎంతో, ఎడమ చైన్‌ప్లేట్ దాకా ఎంతో చూడండి. తేడా 5 మి.మీ. లోపు రావాలి. టేపుని రెండు వైపులా ఒకే బలంతో లాగాలి, స్ప్రింగ్ కాటా తగిలించి లాగితే ఇంకా మంచిది. తర్వాత అదే హాలియార్డ్‌కి బరువు కట్టి, బరువుని నీళ్ల బక్కెట్‌లో ముంచండి, ఊగకుండా నిలబడుతుంది. మాస్ట్ అమరం (పడవ వెనక కొన) వైపు కాస్త వాలి ఉండాలి. 8 మీటర్ల మాస్ట్ 1.5 డిగ్రీలు వాలితే కింద తాడు మాస్ట్‌కి దాదాపు 210 మి.మీ. వెనక వేలాడుతుంది. ఈ వాలుని ఫోర్‌స్టే పొడవుతో సరిచేయాలి, ష్రౌడ్లతో కాదు.

ఇక కొలత. ష్రౌడ్‌ని చేత్తో తిప్పగలిగినంత మటుకే బిగించి, తీగ ఒంపు లేకుండా తిన్నగా అయ్యాక, బద్ద పై కొనని మాత్రమే తీగకి టేపుతో గట్టిగా చుట్టండి. కింది కొన స్వేచ్ఛగా జారాలి. కింది కొన సరిగ్గా స్వేజ్ టెర్మినల్ (తీగ కొనకి నొక్కి బిగించిన స్టీలు గొట్టం) పై అంచుకి ఆనేట్టు పెట్టుకోండి. ఇప్పుడు కుడి వైపు ఒక చుట్టు, ఎడమ వైపు ఒక చుట్టు తిప్పుకుంటూ పోతే బద్దకీ టెర్మినల్‌కీ మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందులో 3 మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగం బిర్రుగా పడితే 15 శాతం వచ్చినట్టు. ఎం8 మరకి ఒక చుట్టుకి పైనా కిందా కలిపి 2.5 మి.మీ. దగ్గరవుతుంది. 8.5 మీటర్ల తీగ మొత్తం మీద 13 మి.మీ. సాగాలి కాబట్టి ఎంత లేదన్నా అయిదు చుట్లు పడతాయి. మాస్ట్ నొక్కుకోవడానికీ, పడవ అంచులు లోపలికి రావడానికీ ఇంకో రెండు మూడు.

స్పానర్లు రెండు కావాలి. ఒకటి టెర్మినల్‌ని కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. పట్టుకోకపోతే తీగ మెలిక పడి పేటలు విప్పుకుంటాయి, అట్టా పాడైన 1×19 మళ్లీ బాగవదు. స్టీలు మరలో స్టీలు మర పొడిగా తిరిగితే పట్టేస్తుంది, తర్వాత రంపంతో కోయాల్సిందే. ముందే లానొలిన్ గ్రీజు రాయండి.

క్యాప్‌లు అయ్యాక బ్యాక్‌స్టే బిగించండి. మీ జిబ్ పొట్ట తగ్గేది దానివల్లే. బ్యాక్‌స్టే బిగిస్తే మాస్ట్ కిందికి నొక్కుకుని క్యాప్‌లు కాస్త సడలుతాయి, కాబట్టి డ్రిల్ బిట్‌తో సందు మళ్లీ చూడండి. చివరిగా లోయర్లు. వీటికి క్యాప్‌ల కన్నా తక్కువ బిగువు చాలు, కానీ ముందు లోయర్లు వెనక వాటికన్నా ఒక పాలు ఎక్కువ బిగించి, మాస్ట్ నడుము అణియం (పడవ ముందు కొన) వైపు కొంచెం వంగేట్టు చూడాలి. నడుము వెనక్కి వంగి ఉంటే ఆ పడవని గాలిలోకి తీసుకెళ్లకూడదు.

తర్వాత నిండు తెరచాపలతో 20 డిగ్రీలు వాలేంత గాలిలో నడపండి. మాస్ట్ వెనక ఉన్న తెరచాప గాడిలోంచి పైకి కన్నేసి చూడండి, పక్కకి ఎక్కడా వంగకూడదు. చాటు వైపు క్యాప్ బిగువు తగ్గొచ్చు గానీ ఊగకూడదు. ఊగితే చాటు వైపే అర చుట్టు బిగించి, పడవ తిప్పి, రెండో వైపూ అంతే బిగించండి. గాలి మోస్తున్న వైపు టర్న్‌బకిల్ జోలికి ఎప్పుడూ పోవద్దు.

కొత్తపట్నం_గాలి:

అన్న చెప్పిన పద్ధతికి తీగ ముందు సడలించి ఉండాలి. ఇప్పటికే బిగించి ఉన్న తీగలో ఎంతుందో తెలియాలంటే స్ప్రింగ్ కాటా పనికొస్తుంది. తీగ రెండు కొనల మధ్య స్వేచ్ఛగా ఉన్న పొడవు కొలిచి, సరిగ్గా మధ్యలో కాటా కొక్కెం తగిలించి 3 కిలోలు పక్కకి లాగండి. తీగ ఎంత జరిగిందో చూడండి. లాగిన కిలోలని పొడవుతో గుణించి, జరిగిన దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే బిగువు కిలోల్లో వస్తుంది. 4 మీటర్ల పొడవులో 16 మి.మీ. జరిగితే 3 × 4000 ÷ 64, అంటే 187 కిలోలు. డెక్ నుంచి స్ప్రెడర్ దాకా ఉన్న ముక్క దీనికి బాగుంటుంది. పది కిలోలు లాగితే కొలత సులువని అనిపిస్తుంది గానీ అప్పుడు ఆ లాగడమే తీగని సాగదీసి బిగువు పెంచేస్తుంది, లెక్క తప్పుతుంది.

ఫోన్‌తో కూడా చేయొచ్చు. వణుకు చూపే యాప్ తెరిచి, ఫోన్‌ని టర్న్‌బకిల్‌కి ఆనించి, తీగని మధ్యలో మీటండి. 4 మి.మీ. తీగ మీటరుకి దాదాపు 80 గ్రాములు. అదే 4 మీటర్ల ముక్క 190 కిలోల దగ్గర సెకనుకి 19 సార్లు కొట్టుకుంటుంది. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఇంతకన్నా త్వరగా అయ్యే పని లేదు.

ఎంటర్‌ప్రైజ్ లాంటి డింగీలు (చిన్న తెరచాప పడవలు) ఉన్న వాళ్లకి ఒక మాట: వాటిలో ఫోర్‌స్టే మాస్ట్ పడకుండా ఆపడానికే. బిగువంతా జిబ్ ముందంచులో ఉన్న తీగది. కాబట్టి జిబ్ ఎత్తి, హాలియార్డ్ బిగించాకే ష్రౌడ్ కొలవాలి.

ఉప్పుటేరు_తెరచాప:

మాస్ట్ నిటారు చేసి, రెండు వైపులా పది చుట్లు బిగించినా సందు 2 మి.మీ. దగ్గరే ఆగిపోయింది. కేబిన్ తలుపు కూడా ఇప్పుడు బిర్రుగా పట్టేస్తా ఉంది. ఇంకా తిప్పాలా?

తీగపని_ఒంగోలు:

తిప్పొద్దు. ఇప్పుడే రెండు వైపులా సమానంగా నాలుగు చుట్లు వెనక్కి తీసేయండి.

చుట్లు లోపలికి పోతున్నాయి, తీగ సాగడం లేదు అంటే ఇంకేదో కుంగుతోందని అర్థం. డెక్ మీద నిలిచే మాస్ట్‌కి మొదటి అనుమానం కింద ఉన్న గుంజ మీదే. దాని పాదం పడవ అడుగున మురుగు నీళ్లలో నానుతుంది, పైన రంగు బాగానే ఉంటుంది, లోపల మెత్తబడి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో పాదం దగ్గర గట్టిగా పొడిచి చూడండి. తర్వాత డెక్ మీద మాస్ట్ పాదం చుట్టూ ఇనప స్కేలు నిలబెట్టి చూడండి, గుంట పడి ఉంటే లోపలి ప్లైవుడ్ నీరు తాగినట్టు. సుత్తి ప్లాస్టిక్ తలతో తట్టితే మంచి చోట గట్టి శబ్దం, నానిన చోట మొద్దు శబ్దం వస్తుంది. మూడోది చైన్‌ప్లేట్లు. డెక్‌లోంచి దిగే చోట సీలెంట్ పోయి, లోపల గోడ మీద గోధుమ రంగు చారలు ఉంటే బోల్టులు విప్పి ప్లేట్ బయటికి తీయాల్సిందే. స్టీలు గాలి తగలని తడిలో, అందులోనూ ఉప్పు తడిలో, కంటికి కనపడని చోటే తినేసి ఉంటుంది.

అదే కారణంతో టెర్మినళ్లకి టేపు చుట్టి మూయడం మంచిది కాదు. ఉప్పుటేటి మీద ఉండే పడవకి వారానికోసారి మంచినీళ్లతో టెర్మినళ్లు కడగడం ఎక్కువ పని చేస్తుంది. భూతద్దంతో స్వేజ్ నిలువునా చూడండి. పగులుంటే, లేక 19 పోగుల్లో ఒక్కటి తెగినా, ఆ తీగ మార్చాలి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే గాల్వనైజ్డ్ మోకు, బుల్‌డాగ్ క్లిప్పులు దాని బదులు పెట్టొద్దు. మెత్తటి 7×19 తీగ (19 పోగుల పేటలు ఏడు పేనింది) పెట్టినా పైన చెప్పిన 2 మీటర్ల లెక్క దానికి వర్తించదు.

లంగరు మీద సడలించడం గురించి అడిగారు. ష్రౌడ్లు సడలించొద్దు. వదులు తీగలుంటే ప్రతి అలకీ మాస్ట్ అటూ ఇటూ కొట్టుకుని, ఆ కుదుపులకే టెర్మినళ్లు అలిసిపోయి పగులుతాయి. బ్యాక్‌స్టే ఒకటి రెండు చుట్లు వదలొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక వస్తే మాత్రం సడలించడం కాదు, మాస్టే దించేయాలి.

గుంజ సంగతి తేలాక కాటర్ పిన్నులు కొత్తవి వేయండి, పాతవి మళ్లీ వంచితే విరుగుతాయి. ప్రతి టర్న్‌బకిల్‌లో మర కనీసం 12 మి.మీ. లోపల ఉందో లేదో చూడండి. ముందుగా గుంజ పాదం ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.